ఎర్ర కారు డెలివరీ

ఆ పాలిష్ షెడ్డులో రెండు కార్లు పట్టే చోటే ఉంది. మంగళవారం పొద్దున మేస్త్రి కూతురు వచ్చేసరికి, ఆ రెండింట్లో మంచి వెలుతురు పడే చోటు కాస్తా నిండిపోయి ఉంది. నేల కడిగి, తుడిచి, నాలుగు మూలలా ప్లాస్టిక్ కోనులు పెట్టి, నట్టనడుమ కొత్త తువ్వాలు పరిచి, దాని మీద ఒక బొమ్మ కారు నిలబెట్టారు. మోచెయ్యంత పొడవు కూడా లేని ఎర్ర రేకు కారు. "పని జరుగుతోంది, ముట్టుకోరాదు" అని రాసిన అట్టను నిజం కార్లకు ఆనించినట్టే దీనికీ ఆనించారు. అట్ట కారుకన్నా పెద్దది కావడంతో కారు సగం కనపడటమే లేదు.

బయట ఎండలో పళ్ళ డాక్టరుగారి తెల్లకారు ఆగి ఉంది. లోపల డాక్టరుగారు వాచీ చూసుకుంటున్నాడు.

"నాన్నా, ఇదేమిటి?"

మేస్త్రి గొంతుక్కూర్చుని ఆ కారు ముందు బంపరును పరీక్షగా చూస్తున్నాడు. తల కూడా తిప్పలేదు.

"కనపడటం లేదా? బండి."

"మరి డాక్టరుగారి బండి ఎక్కడ పెట్టను? నా నెత్తిన పెట్టుకోనా?"

"ఆ పక్క చోటు ఖాళీయేగా."

"అక్కడ వెలుతురు చాలదని, పాలిష్ పని అక్కడ చెయ్యొద్దని నా చిన్నప్పటి నుంచీ పోరుతున్నది నువ్వే కదా!"

"అందుకేగా దీన్ని ఇక్కడ పెట్టాను," అన్నాడు మేస్త్రి, అంత తేలికైన సంగతి తెలియదా అన్నట్టు. "ఎర్ర రంగు అమ్మాయ్. గీతలు వెలుతురులోనే బయటపడతాయి."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. సాయం కోసం పైపు బాబాయి వంక చూసింది. కార్ల మీద నీళ్ళు కొట్టే పైపు పట్టుకుని ఆ షెడ్డులోనే జుట్టు నెరిసినవాడు కాబట్టి ఆయన్ను అందరూ అలాగే పిలుస్తారు. ఆయనకు మేస్త్రి మాటంటే వేదం. అప్పటికే ఒక చిన్న గిన్నెలో సబ్బునీళ్ళూ, ఇంకో చిన్న గిన్నెలో మంచినీళ్ళూ పట్టుకుని నిలబడ్డాడు. గుడ్డకు అంటిన ఇసకను వేరే నీళ్ళలో జాడించడానికి నిజం కార్లకు రెండు బకెట్లు పెడతారు, దీనికి రెండు గిన్నెలు పెట్టిందీ అందుకే.

"బండిని బట్టి బకెట్టు పాపా," అన్నాడు బాబాయి. ఆమె డాక్టరుగారికి చీకటి వైపు దారి చూపించింది.

"పరవాలేదమ్మా," అన్నాడు డాక్టరుగారు కారు దిగుతూ నవ్వి. "ప్యాడ్ మాత్రం కాస్త చూసి పెట్టు."

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. అది ఎందుకు గుచ్చుకుందో చెప్పాలంటే ముందు మేస్త్రి సంగతి చెప్పాలి.

కార్లకు పాలిష్ చెయ్యడంలో మేస్త్రిని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. వయసులో ఉన్నప్పుడు బస్సులు తుడవడంతో మొదలుపెట్టాడు. తర్వాత జీపులు, ఆ తర్వాత కార్లు. ఇంతా చేసి తాను జన్మలో ఒక్క కారు కొనలేదు. నడపడం కూడా రాదు. షెడ్డులోకి బండి రావాలంటే ఎవరో ఒకరు స్టీరింగు పట్టుకోవాలి, ఈయన వెనక నుంచి తోయాలి. మనుషుల్ని బండిని బట్టి అంచనా కట్టే అలవాటొకటి. కాబోయే అల్లుడు మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు అందరూ అబ్బాయి మొహం చూస్తుంటే, ఈయన వీధిలోకి పోయి అతని స్కూటరు చూసి వచ్చాడు. "చైను కవరు తుడుస్తాడు. మనిషి పరవాలేదు," అని తేల్చాడు. అల్లుడు నిజంగానే పరవాలేదు. అందువల్ల మేస్త్రికి తన అంచనాల మీద నమ్మకం ఇంకా ముదిరిపోయింది.

కూతురికి పని నేర్పిందీ ఆయనే. కడిగిన కారు మీద పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కున్న చేత్తో మెల్లగా నిమరడం నేర్పాడు. వట్టి చేతికి తెలియని గరుకు కవరులోంచి ఇసకలా తగులుతుంది. "కంటిని నమ్మకు అమ్మాయ్, చేతిని నమ్ము," అనేవాడు. అంచుల దగ్గర రంగు పల్చగా ఉంటుందని, పాలిష్ మెషీను పెట్టే ముందు అంచులన్నిటికీ కాగితం టేపు అంటించాలని, అక్కడ మిగిలిపోయిన పనిని గుడ్డతో చేసుకోవాలని నేర్పాడు. ఆమె ఆ మాట ఏనాడూ జవదాటలేదు.

పోయిన చలికాలం నుంచి ఆయన కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. టీ గ్లాసు సాసర్లో గణగణలాడేది. "చలికి," అన్నాడు. ఎండాకాలం వచ్చింది. "ఉక్కకు," అన్నాడు. అలా అంటూ అంటూనే ఒకరోజు కాంట్రాక్టరుగారి నల్లకారు బానెట్టు అంచు మీదికి మెషీను జారింది. రెప్పపాటులో రంగు లేచిపోయి కింద రేకు తేలింది. కాంట్రాక్టరు ఒంటికాలి మీద లేచాడు. వీధిలోవాళ్ళంతా చూస్తున్నారు. అప్పుడు మేస్త్రి అన్నాడు: "మా అమ్మాయి ప్యాడ్ తప్పు పెట్టిందండీ. గరుకుది పెట్టింది."

ఆమె మెషీనుకు బిగించింది మెత్తటి ప్యాడే. అది ఆమెకు తెలుసు, బాబాయికి తెలుసు, మేస్త్రికీ తెలుసు. అయినా అంతమంది ముందు తండ్రిని అబద్ధాలకోరు అనలేక నోరు మూసుకుంది. ఆ మర్నాటి నుంచి మెషీను ఆయన చేతికి ఇవ్వడం మానేసింది. ఆయన కుర్చీ వేసుకుని షెడ్డు గుమ్మంలో కూర్చున్నాడు. అడిగినవాడికీ అడగనివాడికీ ఆ కథే చెప్పాడు. ఒకరోజు కంపెనీ రంగు పల్చనయ్యేది, ఒకరోజు కరెంటు ఎక్కువ వచ్చేది. కానీ తిరిగి తిరిగి కథ ప్యాడ్ దగ్గరికే వచ్చేది. కొత్తగా వచ్చేవాళ్ళు ఆమెను చూసి, "ప్యాడ్ చూసి పెట్టమ్మా" అనడం మామూలైపోయింది.

ఆమెకు కావలసింది ఒకే ఒక్క మాట. ఆ రోజు తప్పు నాది అని ఆయన నోటితో ఆయన అనాలి. ఆ మాట రాకపోతే ఈ షెడ్డులో ఎంత మంచి పని చేసినా తన పేరు ఆ ప్యాడ్ కిందే నలిగిపోతుంది. అది ఆమెకు రోజూ తెలుస్తూనే ఉంది.

సోమవారం సాయంత్రం పళ్ళ డాక్టరుగారు పని మాట్లాడుకోవడానికి వస్తే, మేస్త్రి ఆయనకూ ప్యాడ్ కథ విప్పాడు. డాక్టరుగారు అటు వెళ్ళగానే ఆమె సహనం తెగింది. "చేతులు అంత దురదగా ఉంటే ఇంటికి పోయి మనవరాలి బొమ్మ కారు తుడుచుకో నాన్నా! దాని బానెట్టు పోయినా అడిగేవాడు లేడు!" అని అరిచేసింది. ఆయన కండువా దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ మాట అన్నందుకు ఆమెకు రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. పొద్దున్నే క్షమాపణ చెప్పుకుందామనుకుని వచ్చింది. కోనులు చూసేసరికి ఆ క్షమాపణ గాలికి కొట్టుకుపోయింది.

అంతలో ఓనరు వచ్చింది.

ఓనరంటే ఆమె కూతురే. ఆరేళ్ళది. బడి సంచీ తగిలించుకుని, కాంట్రాక్టరుగారిలా చేతులు వెనక్కి కట్టుకుని షెడ్డులోకి నడిచింది. మేస్త్రి లేచి నిలబడ్డాడు. బండి తీసుకునేటప్పుడు ఓనరుతో కలిసి దాని చుట్టూ తిరిగి, ఉన్న గీతలూ సొట్టలూ పైకి చెప్పుకోవడం ఆ షెడ్డు పద్ధతి. తర్వాత ఇది మీరు చేసిందే అని గొడవ రాకూడదు. మేస్త్రి ఆ పద్ధతి తప్పేవాడు కాడు. తాతా మనవరాలూ వంగి వంగి ఆ రేకు కారు చుట్టూ ప్రదక్షిణం మొదలుపెట్టారు.

"ఎన్నేళ్ళ బండండీ?" అన్నాడు మేస్త్రి.

"నాకన్నా పెద్దది. సెకండ్ హ్యాండు. ముందు అమ్మ నడిపింది."

"అదీ సంగతి. డోరు మీద ఈ సొట్టలన్నీ ముందు ఓనరు చేసినవే. బాగా మోటుగా నడిపిందండీ ఆవిడ."

ముందు ఓనరు అక్కడే ఉంది. డాక్టరుగారి కారు తలుపులు బార్లా తీసి చాపలు దులుపుతోంది. చాప మామూలు కన్నా గట్టిగా దులిపింది.

"యాక్సిడెంట్లేమైనా?"

"మెట్ల మీంచి చాలాసార్లు. ఒకసారి మేడ మీంచి."

"అప్పుడు మీరే నడుపుతున్నారా?"

"నేను ఫోన్లో మాట్లాడుతున్నా," అంది ఓనరు గంభీరంగా.

మేస్త్రి అర్థమైనట్టు తల పంకించాడు. బండి వివరాలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ఒక్క తోపుకి మంచం దగ్గర్నుంచి వంటింటి గడప దాకా పోతుంది, ఎక్కడా ఆగదు, ఎందుకంటే బ్రేకులు లేవు. స్టీరింగు ఉంది కానీ దేనికీ తగిలించి లేదు, కావాలంటే బయటికి తీసి జేబులో పెట్టుకోవచ్చు, కాబట్టి దొంగల భయం లేదు. ఎడమ వెనక చక్రం కంపెనీది కాదు, పాత స్వెటరు బొత్తాం. అందువల్ల బండి ఎప్పుడూ కొంచెం ఎడమకు లాగుతుంది. కుడి లైటు పోయింది, దాని చోట మెరిసే పూస అంటించారు, కంపెనీ లైటుకన్నా అదే నయం. అద్దాలు లేవు, గాలికి కొదవ లేదు. డిక్కీ తెరుచుకుంటుంది కానీ మూసుకోదు. వెనక సీట్లో ఒక తలపిన్ను, ఒక చాక్లెట్ కాగితం, ఎండిన బఠాణీ గింజ ఒకటి.

"ఇంటీరియరు క్లీనింగు కూడా పెడదామా?" అన్నాడు మేస్త్రి.

"పెట్టండి. ఎప్పుడిస్తారు?"

"శనివారం సాయంత్రం."

"శనివారమా! నాకు అర్జెంటు మేస్త్రీ. ఊరెళ్ళాలి."

"తొందరైతే వేరే షెడ్డు చూసుకోండి," అన్నాడు మేస్త్రి. పెద్ద పెద్దవాళ్ళకు చెప్పిన జవాబే ఓనరుకూ చెప్పాడు. ఓనరు కాసేపు మూతి ముడుచుకుని, సరేనంది.

"మీ ఇద్దరికీ దణ్ణం పెడతాను, ఆ పిల్లని బడికి పంపండి! గంట కొట్టేస్తారు!" అని ఆమె అరిచింది.

ఆ వారమంతా ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. మంగళవారం మధ్యాహ్నం ఆమె కనుబొమలు దువ్వుకునే బ్రష్షు కనపడలేదు. వెతగ్గా వెతగ్గా, బొమ్మ కారు ముందు జాలీలో మురికి తీస్తూ మేస్త్రి చేతిలో దొరికింది. బుధవారం ఇంట్లో కూరగాయల బుట్ట మాయమైంది. రుద్దిన బొమ్మ కారు మీద దుమ్ము పడకుండా దాన్ని బోర్లించారు. అదే రోజు మొగుడు ఫోను చేసి, తన పళ్ళ బ్రష్షు ఎక్కడని అడిగాడు. ఆమె బొత్తాం చక్రం తోముతున్న మేస్త్రి వైపు చూసి, కొత్తది కొనుక్కోమని ఫోను పెట్టేసింది.

పని మాత్రం ఆయన దొంగతనంగా చెయ్యలేదు. ఒక్క మెట్టు కూడా దాటెయ్యలేదు. కడిగాడు, ఆరబెట్టాడు, కవరు తొడుక్కున్న వేలితో బానెట్టంతా నిమిరాడు. వేలు వణుకుతూనే ఉంది. అయినా గరుకు ఎక్కడుందో కనిపెట్టి, జిగురు ముద్దను శనగ గింజంత చేసి దానితో ఆ గరుకును ఎత్తాడు. గుడ్డతో రుద్దాడు. నిజం కారుకు పట్టినంత సేపూ దీనికీ పట్టింది. ఆ సేపంతా ఆమె డాక్టరుగారి తెల్లకారు చీకట్లో ఒంటరిగా చేసుకుంది. మధ్యలో, "బాబాయ్, నీళ్ళు!" అని కేకేస్తే, "చిన్నబండి టాపు కడుగుతున్నాం పాపా, ఉండు!" అని జవాబు వచ్చింది. ఆమె చేతిలో గుడ్డ నేలకేసి కొట్టింది. నేల మీద పడిన గుడ్డ ఇంక కారుకు పనికి రాదు కాబట్టి, ఇంకో గుడ్డ తెచ్చుకోవలసి వచ్చింది.

బుధవారం సాయంత్రం డాక్టరుగారు తన కారు తీసుకోవడానికి వచ్చాడు. తన కారు చుట్టూ ఒకసారి తిరిగి బాగుందన్నాడు. బుట్ట ఎత్తి, దాని కింది కారు దగ్గర మాత్రం గొంతుక్కూర్చుండిపోయాడు. చదువుకున్నవాడు కదా, ఈయనైనా నాలుగు చివాట్లు పెడతాడని ఆమె ఆశపడింది.

"ఆ డోరు పిడి చుట్టూ మసక ఉండిపోయిందే," అన్నాడు డాక్టరుగారు.

"మా ప్యాడ్లు అక్కడికి దూరవండి," అన్నాడు మేస్త్రి దిగులుగా.

మర్నాడు డాక్టరుగారు మనిషి చేత ఒక పొట్లం పంపించాడు. లోపల పళ్ళకు పాలిష్ చేసే రబ్బరు మొన ఉంది. షెడ్డులో సందులకు వాడే చిన్న మెషీనుకు అది అచ్చం సరిపోయింది. మెషీను మళ్ళీ మేస్త్రి చేతిలోకి వచ్చింది. ఆమె చూసింది. లాక్కుందామనుకుంది. పోన్లే, బొమ్మ కారే కదా అనుకుని ఊరుకుంది. పైగా ఆయన అంచులన్నిటికీ కాగితం టేపు అంటించుకున్నాడు. దారమంత సన్నగా చీల్చి అంటించాడు. ఆ చీల్చే పనికే ఒక పూట పట్టింది.

శనివారం మధ్యాహ్నం చిన్న మెషీను గుయ్యిమని పాడుతూ పాడుతూ టక్కున ఆగిపోయింది. ఆమె ఒక కారు కింద సబ్బు కడుగుతోంది. ఆగిన మెషీను మళ్ళీ మొదలవలేదు. మామూలుగా అయితే బాబాయితో ఏదో ఒకటి వాగుతూ ఉండే మేస్త్రి గొంతు కూడా వినపడలేదు. ఆమె చెయ్యి తుడుచుకుని వచ్చి చూసింది. కారు మీద గుడ్డ కప్పి ఉంది. మేస్త్రి స్టూలు మీద కూర్చుని గోడ వంక చూస్తున్నాడు.

ఆమె గుడ్డ ఎత్తింది. కారు ధగధగలాడుతోంది. టాపు మీద షెడ్డు ట్యూబులైటు గీత గీసినట్టు కనపడుతోంది. చిన్నప్పుడు తాను దీన్ని నడిపిన రోజుల్లో కూడా ఇంత అందంగా లేదు. ఒక్క బానెట్టు అంచు మీద మాత్రం టేపు లేదు. అక్కడ గోరంత మేర ఎర్ర రంగు పోయి తెల్లగా రేకు తేలి ఉంది. ఎలా జరిగిందో ఆమెకు చెప్పనక్కర్లేదు. టేపు కింద ఇంత మసక మిగిలిపోయి ఉంటుంది. గుడ్డతో రుద్దితే పోయేది. కానీ మెషీనుతో వచ్చిన మెరుపు పక్కన గుడ్డ మెరుపు తేలిపోతుందని ఈయనకు మనసొప్పి ఉండదు. టేపు తీసి ఉంటాడు. నల్లకారుకూ సరిగ్గా అదే చోట, అదే పని చేశాడు.

బాబాయి ఆమె పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "గోళ్ళ రంగు తెస్తాను పాపా. ఎర్రదే. పూసేస్తే తెలియదు. లేకపోతే డాక్టరుగారి రబ్బరు మంచిది కాదని చెబుదాం."

ఆమెకు కోపం వచ్చింది, భయం కూడా వేసింది. ఈసారి నాన్న తప్పు ఎవరి మీద పెడతాడు? రబ్బరు మీదా, బొమ్మల కంపెనీ మీదా, తన మీదా? ఆరేళ్ళ పిల్ల ముందు కూడా అబద్ధమాడితే ఇంక ఈ మనిషితో ఒకే షెడ్డులో పని చెయ్యలేననిపించింది. గుడ్డ మళ్ళీ కప్పేసి వెళ్ళి తన పనిలో పడింది.

సాయంత్రం ఓనరు వచ్చింది. డెలివరీ అని జుట్టు దువ్వించుకుని వచ్చింది. తన రబ్బరు ఎలా పనిచేసిందో చూద్దామని డాక్టరుగారు కూడా వచ్చాడు. బాబాయి జేబులో గోళ్ళ రంగు సీసా ఉంది. మేస్త్రి వద్దన్నాడని దాన్ని అలా ఉంచుకున్నాడు.

మేస్త్రి గుడ్డ తీశాడు. "అబ్బ!" అంది ఓనరు. డాక్టరుగారు కూడా అదే మాట అన్నాడు. డెలివరీ ఇచ్చేటప్పుడు మళ్ళీ చుట్టూ తిరగాలి. ఇద్దరూ తిరిగారు. డోరు, డిక్కీ, బొత్తాం చక్రం. బానెట్టు దగ్గరికి వచ్చేసరికి మేస్త్రి ఆగాడు.

"ఓనరు గారూ, ఇక్కడ చూడండి."

ఓనరు వంగి చూసింది. "ఇదేమిటి? ఇక్కడ తెల్లగా ఉందేం?"

"రంగు పోయిందండీ. కింద రేకు కనపడుతోంది."

రంగు ఎందుకు పోతుందో ఆ పిల్లకు తెలుసు. ఆ కథ వింటూనే పెరిగింది.

"అమ్మ ప్యాడ్ తప్పు పెట్టిందా?"

బాబాయి దగ్గాడు. డాక్టరుగారు ఆమె వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. ఆమె తడి గుడ్డ పట్టుకుని నిలబడిపోయింది. కన్నకూతురి నోట కూడా ఆ మాటే వచ్చింది.

మేస్త్రి కుడిచేతిని చూసుకున్నాడు. అది వణుకుతూనే ఉంది. దాన్ని జేబులో పెట్టుకోబోయి, మళ్ళీ బయటే ఉంచాడు.

"లేదండీ," అన్నాడు. "మీ అమ్మ ఈ బండిని ముట్టుకోనే లేదు. టేపు తీసింది నేను. వణికింది నా చెయ్యి. డాక్టరుగారి రబ్బరు కూడా మంచిదే." ఆ తెల్లటి అంచు మీద వేలు పెట్టాడు. "ఆ నల్లకారుకు కూడా ఇంతే జరిగిందండీ. మీ అమ్మ మెత్తటి ప్యాడే పెట్టింది. నేనే అందరి ముందూ అబద్ధం చెప్పాను."

ఇన్నాళ్ళూ ఆ మాట వస్తే ఏమనాలో ఆమె ఎన్నోసార్లు అనుకుని పెట్టుకుంది. పెద్ద పెద్ద మాటలే అనుకుంది. ఇప్పుడు ఒక్కటీ నోటికి రాలేదు. పైగా ఒళ్ళు మండింది. ఇంత వీధి ఉంది, ఇంతమంది ఉన్నారు, ఇన్ని నెలలున్నాయి, ఈయనకు ఆరేళ్ళ పిల్లా రేకు కారూ దొరికాయా ఈ మాట చెప్పడానికి? కోపంతోనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సబ్బు పడిందన్నట్టు మోచేత్తో తుడుచుకుంది.

ఓనరు చేతులు వెనక్కి కట్టుకోవడం మరిచిపోయింది. మేస్త్రీ అని పిలవడం కూడా మరిచిపోయింది.

"చెయ్యి వణుకుతుందని తెలిసి మెషీను ఎందుకు పట్టుకున్నావు తాతా?"

మేస్త్రి వంగి చిన్న మెషీను ప్లగ్గు పీకేశాడు.

"ఇంక పట్టుకోకు."

"సరే."

"గుడ్డతో తుడువు. గుడ్డ వణికినా ఏం కాదు."

ఇన్ని నెలలుగా ఆమె చెప్పలేక, మెషీను ఇవ్వడం మాని ఊరుకున్న మాట, ఆ పిల్ల ఒక్క ముక్కలో చెప్పేసింది. మేస్త్రి చిన్నగా తల ఊపాడు. పని అయిపోయిందనుకుని బాబాయి కోనులు ఎత్తబోయాడు. కానీ ఓనరు తనిఖీ ఇంకా అవలేదు. డోరు తెరిచి లోపలికి తొంగిచూసి ఒక్క కేక పెట్టింది.

"నా బఠాణీ ఏదీ?"

"అది చెత్త కదండీ, క్లీనింగులో..."

"చెత్తేమిటి! అది ప్యాసింజరు!"

ఆ తర్వాత చీకటి పడేదాకా షెడ్డులో ఉన్నవాళ్ళంతా, డాక్టరుగారితో సహా, చెత్తబుట్ట కుమ్మరించుకుని ఎండిన బఠాణీ గింజ కోసం వెతికారు. దొరికింది కూడా. అదే గింజో కాదో ఓనరు ఒక పట్టాన తేల్చలేదు.

సోమవారం ఒక బూడిదరంగు కారు వచ్చింది. మంచి వెలుతురున్న చోట నిలబెట్టి, ఆమె కడిగి, ఆరబెట్టి, జిగురు ముద్దతో డోర్ల మీది గరుకంతా ఎత్తింది. పాలిష్ మెషీను ప్లగ్గు పెట్టబోతుంటే మేస్త్రి కుర్చీలోంచి లేచి వచ్చాడు. జేబులోంచి పల్చటి ప్లాస్టిక్ కవరు తీసి చేతికి తొడుక్కున్నాడు. వణుకుతున్న చేత్తోనే డోరు పైనుంచి కిందికి మెల్లగా నిమిరాడు. పిడికి కాస్త కింద ఆగాడు.

"ఇక్కడుంది."

"ఏమీ లేదు నాన్నా. నేను చూశాను."

"కంటితో చూశావు."

ఆమె కవరు లాక్కుని తొడుక్కుని అక్కడ నిమిరింది. ఇసక తగిలింది. కొంచెమే కాదు, డోరు అంచు దాకా ఉంది. ఆమె ప్రాణం ఉసూరుమంది.

"ఈ బండి సాయంత్రానికి ఇవ్వాలి నాన్నా! డోరంతా మళ్ళీ చెయ్యాలంటావా?"

"తొందరైతే వేరే షెడ్డు చూసుకోమను."

ఆమె లోపల్లోపల తిట్టుకుంటూ జిగురు ముద్ద మళ్ళీ పిసికింది. డోరంతా మళ్ళీ చేసింది. ఆయన మళ్ళీ నిమిరి, ఇంకోచోట ఉందన్నాడు. అదీ చేసింది. అంచులకు టేపు అంటించింది. అప్పటికి బండి ఓనరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పాత ప్యాడ్ కథ చెవిన పడినట్టుంది, ఆమె మెషీను ఎత్తగానే నవ్వుతూ నోరు తెరిచాడు.

ఆయన నోట మాట రాకముందే మేస్త్రి ప్యాడ్ల పెట్టె దగ్గరికి నడిచాడు. ఒక్కొక్కటీ నొక్కి చూసి, మెత్తటిది ఏరి, దులిపి, తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు. పెట్టేటప్పుడు ఆయన చెయ్యి వణికింది. గొంతు మాత్రం వీధి చివరిదాకా వినపడింది.

"ప్యాడ్ ఇదిగో అమ్మాయ్. నువ్వు ఎప్పుడూ పెట్టేదే."

ఆమె ప్యాడ్ బిగించి మెషీను ఆన్ చేసింది.